బాణం గుర్తు లోపల

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. దాని వెనకాలే ఎండిపోయిన బూటు పాలిష్ వాసన. ఈ రెండూ కలిసి ముక్కుకి తగిలితే నాకు గుర్తొచ్చేది ఒక్కటే: సుబేదారు తాతగారి అరుగు, దాని మీద చింతగింజలు, వీధిలో ఎండ.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే బస్సులెక్కేశారు. పందిరి ఇంకా విప్పలేదు. ఆయన పెద్దబ్బాయి నన్ను వెనక గదిలోకి పిలిచి, "చెల్లెమ్మా, ఈ పుస్తకాలు నువ్వు చూసుకో. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. నువ్వు వద్దంటే పాతపేపర్లవాడికి వేసెయ్యడమే" అన్నాడు. ఆకుపచ్చ రంగు మిలిటరీ పెట్టె. మూత మీద తెల్లపెయింటుతో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. లోపల పదకొండు పుస్తకాలున్నాయి. తొంభై నాలుగేళ్ళు బతికిన మనిషికి పదకొండే.

వాటిలో ఆరు నాకు తెలుసు. నాలుగు నేను చదివాను. ఒకటి చదివానని ఆయనకి అబద్ధం చెప్పాను.

*

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మా వైపు అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళిన ఊరు అది. మిగతా ఊళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు అబ్బాయికి ఎన్నెకరాలని అడుగుతారు, అక్కడ ఏ రెజిమెంటని అడుగుతారని మా నాన్న వేళాకోళమాడేవాడు. తాతగారి సొంతూరు అదే. భార్యకి పుట్టింటివాళ్ళిచ్చిన ఇల్లు మా వీధిలో ఉండడంతో రిటైరయ్యాక ఇక్కడ స్థిరపడ్డారు.

ఆయన మద్రాస్ సాపర్స్‌లో చేశారు. అంటే తుపాకీ పేల్చేవాళ్ళ కంటే ముందు వెళ్ళి వంతెన వేసేవాళ్ళు, దారి తీసేవాళ్ళు, మందుపాతరలు ఏరేవాళ్ళు. బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన వాళ్ళ సెంటరు. "మాది 1780లో పెట్టిన దళం, నీ ఇంగ్లీషోళ్ళ కంపెనీ కాలంది" అని గర్వంగా చెప్పేవారు. ఇంగ్లీషోళ్ళు నావాళ్ళెప్పుడయ్యారో నాకు అర్థమయ్యేది కాదు.

పొద్దున్నే అరుగు స్తంభానికి అద్దం తగిలించి గెడ్డం గీసుకునేవారు. గీసుకుంటున్నంతసేపూ రేడియో. ఏడింటి వార్తలు మొదలయ్యేసరికి ముఖం మీద సబ్బు ఉండకూడదు, అదీ లెక్క. వార్తలయ్యాక బూట్లు. ఊళ్ళో బురదలో చెప్పులే నిలవవు, ఆయన మాత్రం రోజూ బూట్లకి పాలిష్ పెట్టి, తొడుక్కోకుండా మళ్ళీ లోపల పెట్టేసేవారు. "ఎందుకండీ తాతగారూ?" అని అడిగితే, "అలవాటు తప్పితే మనిషి తప్పుతాడమ్మాయ్" అనేవారు. బురుసు చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది, టకటకటక. అది ఆగిందంటే మా అమ్మ నన్ను స్కూలుకి తరిమే టైము.

*

నాకు తత్వశాస్త్రం పట్టుకోవడానికి కారణం జ్ఞానతృష్ణ కాదు, మా అమ్మ. నవలలు చదివితే ఆడపిల్ల చెడిపోతుందని ఆవిడ నమ్మకం. వారపత్రికల్లో సీరియళ్ళు చింపి కుట్టుకున్న బైండు పుస్తకాలు వీధంతా తిరిగేవి, మా గడప దగ్గర ఆగిపోయేవి. "గీతలాంటివి చదువుకో, ఎవరు వద్దన్నారు?" అంది ఒకసారి. ఆ "లాంటివి" అన్న మాటని పట్టుకుని నేను ఐదేళ్ళు బతికాను.

మా శాఖా గ్రంథాలయం పంచాయతీ ఆఫీసు పక్కన రెండు గదులు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచేవారు. శుక్రవారం సెలవు. ముందు గదిలో పొడుగు బల్ల, దాని మీద పేపర్లు. పెద్దవాళ్ళు ఒక్కో పేజీ పంచుకుని చదివేవారు. సినిమా పేజీ ఎవరి దగ్గరుంటే వాళ్ళది ఆ పూట రాజ్యం. వెనక గదిలో బీరువాలు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం సెస్సు కింద పోతుందనీ, ఆ లెక్కన లోపలున్న పుస్తకాల్లో మాకూ వాటా ఉందనీ మా నాన్న అనేవాడు. ఆయన మాత్రం ఒక్క పుస్తకమూ తెచ్చిన పాపాన పోలేదు.

గ్రంథపాలకుడు మంచి మనిషి, వర్గీకరణ మీద మాత్రం నమ్మకం లేదు. నవలలకి రెండు బీరువాలు, పురాణాలకి ఒకటి, పిల్లల పుస్తకాలకి అర. మిగిలింది మూల బీరువా. దాని తాళంచెవి ఎక్కడుందో వెతుక్కోవడానికే పది నిమిషాలు పట్టేది. అందులో ఏముంటాయని అడిగితే, "ఎవరూ అడగనివమ్మా" అన్నారు.

తత్వశాస్త్రమూ యుద్ధశాస్త్రమూ నాకు ఒకే అరలో దొరికింది అలాగ. ఎవరూ అడగకపోవడం ఒక్కటే వాటి మధ్య చుట్టరికం. సాంఖ్యం పక్కన నెపోలియన్, నెపోలియన్ కింద పతంజలి, ఆ పక్కన మాస్కో వాళ్ళ గతితార్కిక భౌతికవాదం. మాస్కో పుస్తకాలు మాత్రం మంచి బైండింగు, చవక కాగితం కాదు. ఆ రోజుల్లో విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళమ్మట తిరిగేది కదా, వ్యాను వెనక తలుపులు తెరిస్తే అట్టల మెరుపుకే పిల్లలం మూగేవాళ్ళం.

మూల బీరువాలోంచి తెచ్చుకున్నది ఏదైనా మా అమ్మ దృష్టిలో "గీతలాంటిదే". అట్ట మీద హీరోయిన్ బొమ్మ లేదు, అంతే చాలు.

*

నేను మొదట తీసిన పెద్ద పుస్తకం కౌటిల్యుడి అర్థశాస్త్రం, తెలుగు తాత్పర్యంతో. ఎనిమిదో తరగతి వేసవి సెలవులు. చాణక్యుడంటే జుట్టు విరబోసుకుని శపథం చేసిన మనిషి కదా, లోపల కత్తులూ విషకన్యలూ ఉంటాయనుకున్నాను.

తెరిస్తే ఆవుల లెక్క. గోవులకి ఒక అధ్యక్షుడు, నూలుకి ఒకడు, సారాకి ఒకడు, వ్యవసాయానికి ఒకడు. ఏ తూకానికి ఎన్ని గింజలు, ఏ సరుకుకి ఎంత సుంకం, ఏ ఏనుగుకి ఎంత మేత. మా ఊరి కరణం గారి దస్త్రాల్లా ఉంది. మొత్తం పదిహేను అధికరణాల్లో యుద్ధం కోసం వెతుక్కుంటే, అసలు పోరాటం పదో అధికరణానికి గానీ రాలేదు.

తాతగారి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. ఆయన పుస్తకం తిరగేసి, సప్తాంగాలున్న పేజీ దగ్గర ఆగారు. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు.

"దండం ఎన్నోది?"

"ఆరోదండి."

"కోశం?"

"ఐదు."

"మరింకే. ముందు జీతాలు, తర్వాతే జవాన్లు. ఈయనెవరో నెలకో మారు పే పరేడ్ చూసినోడేనమ్మాయ్."

అసలు ఈ పుస్తకం కొన్ని వందల ఏళ్ళు పేరుకే మిగిలిపోయిందనీ, 1905లో మైసూరు ఓరియంటల్ లైబ్రరీకి ఒక పండితుడు తాళపత్ర ప్రతి తెచ్చి ఇస్తే, అక్కడ పనిచేసే శామశాస్త్రి గారు దాన్ని గుర్తుపట్టి 1909లో అచ్చు వేయించారనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మా మూల బీరువా గుర్తొచ్చి నవ్వుకున్నాను. మైసూరులోనూ దాన్ని అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

*

అరుగు మీద పులిజూదం గీతలు గచ్చు పోసినప్పుడే గీసి ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. తాతగారెప్పుడూ పులులే తీసుకునేవారు. "నాకూ పులులు ఇవ్వండి" అంటే, "పులి ఆడ్డం ఎవరికైనా వచ్చు. మేక ఆడి చూపించు" అనేవారు.

మొదటి నెలంతా ఓడిపోయాను. మేకని పెట్టడం, పులి దాని మీంచి దూకడం, గింజ ఆయన లాల్చీ జేబులోకి వెళ్ళిపోవడం. ఆటయ్యాక జేబు దులిపి గింజలు లెక్కపెట్టి చూపించేవారు, అదొక అవమానం. మేకకి వెనక ఇంకో మేక ఉంటే పులి దూకలేదన్నది తెలుసు. తెలిసినా, పులి దగ్గరికొస్తే కంగారుపడి మేకని జరిపేదాన్ని. జరిపిన చోట ఖాళీ ఏర్పడేది. ఆ ఖాళీలోకి దూకేవారు.

"నిన్నెవరు కదలమన్నారు?"

"పులి వచ్చింది కదండీ."

"రానీ. కూర్చో."

అర్థశాస్త్రంలో రాజు చెయ్యగలిగినవి ఆరంటాడు: సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం. ఆసనం అంటే ఊరికే కూర్చోవడం. దీన్నొక గొప్ప ఎత్తులా ఎందుకు రాశాడో నాకు ఆ శ్రావణమాసంలో, పదకొండు గింజలు మిగుల్చుకుని మూడు పులుల్నీ కట్టేసిన రోజు అర్థమైంది. బలవంతమైన పాముని చలిచీమలు చంపడం రెండో తరగతిలోనే బట్టీపట్టాం గానీ, ఆ చీమలు ఎంత ఓపిగ్గా ఉండాలో ఎవరూ చెప్పలేదు. తాతగారు గులకరాళ్ళు తీసేసి, "రేపట్నించి నీతో ఆడను" అన్నారు. మర్నాడు మళ్ళీ ఆడారు.

*

ఇంటర్మీడియట్‌కి గూడెం వెళ్ళాక ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. శంకరనారాయణ డిక్షనరీ పక్కన పెట్టుకుని, పేజీకి ఇరవై మాటలు వెతుక్కుంటూ. యుద్ధకళ మీద చైనా సున్‌జీ రాసింది చిన్న పుస్తకమని తెచ్చుకున్నాను. పదమూడే అధ్యాయాలు, అందులో చాలా వాక్యాలు సామెతల్లా ఉంటాయి. ఆ వయసుకి అంతకంటే ప్రమాదకరమైన పుస్తకం ఇంకోటి లేదు. అర్థమైపోయినట్టు ఉంటుంది.

శత్రువునీ నిన్నూ నువ్వు తెలుసుకుంటే వంద యుద్ధాలకీ భయం లేదన్నాడు కదా, దాన్ని నోట్సు అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను. కాలేజీ వక్తృత్వ పోటీలో చెప్పాను. ఒక జడ్జి గారు, "ఈయన స్వయంగా గెలిచిన యుద్ధమొకటి చెప్పమ్మా" అన్నారు. నాకు తెలియదు. హాలంతా నవ్వింది. మైకు దగ్గర్నించి మెట్లు దిగడం అంత దూరం అనిపించడం అదే మొదటిసారి. ఆ అర్ధసంవత్సరం లెక్కల్లో వందకి నలభై ఒకటి.

తాతగారు మార్కుల కాగితం చూసి, "ఇంతకీ ఎవర్ని తెలుసుకున్నట్టు? నిన్నా, లెక్కల్నా?" అన్నారు.

చాలా కాలం తర్వాత ఇంకో అనువాదంతో పోల్చి చూస్తే తెలిసింది, సున్‌జీ గెలుస్తావని అనలేదు. ప్రమాదంలో పడవు అన్నాడంతే. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో పదిహేడేళ్ళకి ఎలా తెలుస్తుంది?

జర్మన్ తత్వవేత్త నీట్షేని చదివిన ఆరు నెలల గురించి రాయను. ఇంట్లో అందర్నీ మందలో గొర్రెలనే దాన్ని. మా అమ్మ "ఆ గొర్రెలకే అన్నం వండాలి, బియ్యం ఏరు" అని చేట ఒళ్ళో పెట్టింది. అంతటితో తీరిపోయింది.

*

ఇప్పుడు ట్రంకుపెట్టెలోని అసలు పుస్తకం సంగతి.

ప్రష్యా సైన్యాధికారి క్లాజ్‌విట్జ్ రాసిన యుద్ధశాస్త్రం, పెంగ్విన్ వాళ్ళ కాగితపు అట్ట. ఏదో యూనిట్ లైబ్రరీలో చెదపట్టిన పుస్తకాలు తీసేస్తుంటే తాతగారు రూపాయిన్నరకి కొనుక్కున్నారట. దాన్ని ఎప్పుడూ పెట్టెలోనే పెట్టేవారు. బయటికి తీసినప్పుడల్లా ఒకటే జోకు: "కలరాతో పోయిన మనిషి పుస్తకానికి కలరా ఉండలు కాపలా." నిజంగానే ఆయన 1831లో కలరాతో పోయాడు. పుస్తకం పూర్తి కాలేదు. రాతప్రతులన్నీ సర్ది మరుసటేడు అచ్చు వేయించడం మొదలుపెట్టింది ఆయన భార్య, పేరు మారీ. ముందుమాట కూడా ఆవిడే రాసింది. సైన్యాల గురించిన పుస్తకానికి ఒక ఆడమనిషి ముందుమాట రాసిందని విన్నాక నాకు ఆ పుస్తకం మీద హక్కు వచ్చినట్టయింది.

"ఈయనా మా దళమూ ఒకే ఏడు పుట్టారు" అనేవారు తాతగారు. అదీ నిజమే, 1780. పన్నెండేళ్ళకే సైన్యంలో చేరాడట. "మీ తమ్ముడి వయసు" అని పక్కనే గోలీలాడుతున్న వాణ్ణి చూపించారు. వాడు ముక్కు తుడుచుకున్నాడు.

తాతగారు ఇంగ్లీషు వాక్యం పైకి చదివి, సగం హిందీ సగం తెలుగు కలిపి చెప్పేవారు. మొదటి భాగం ఏడో అధ్యాయానికి వచ్చేసరికి నేను కాలేజీ సెలవుల్లో ఉన్నాను. అధ్యాయం పేరు ఘర్షణ. మా ఫిజిక్స్‌లో చెప్పేదే, రెండు తలాలు ఒరుసుకుంటే పుట్టేది. యుద్ధంలో అన్నీ సులువే, కానీ ఆ సులువైనదే కష్టం అని మొదలవుతుంది ఆ విషయం.

"అదెలాగండీ? సులువైతే సులువే కదా" అన్నాను.

"తర్వాతది చదువు."

నడక లాంటి మామూలు పని కూడా నీళ్ళలో చెయ్యబోతే ఎలా కుదరదో, యుద్ధంలో అన్నీ అలా ఉంటాయని ఉంది. ఆయన పుస్తకం మూసి పంచె పైకి కట్టారు.

"పద."

మా పొలానికి వెళ్ళే దారిలో ఊడ్పులు జరుగుతున్నాయి. దమ్ము చేసిన చేను, మోకాలి దాకా దిగే బురద. నారు కట్టలు అక్కడక్కడా విసిరి ఉన్నాయి. తాతగారు అవతలి గట్టు చూపించి, "నడిచి ఆ గట్టెక్కు. ఎంతసేపు?" అన్నారు. అరవై అడుగులుంటుంది. "ఒక నిమిషం" అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

పరికిణీ ఎత్తి దోపుకుని దిగాను. మొదటి మూడడుగులూ బాగానే పడ్డాయి. నాలుగోది పడ్డాక కుడికాలు రాలేదు. కుడికాలు లాగితే ఎడమకాలు ఇంకా దిగింది. బురద చల్లగా వేళ్ళ సందుల్లోంచి పైకొస్తోంది, పాదం కింద గట్టినేల ఎక్కడుందో తెలియట్లేదు. చేతులు గాల్లో తిప్పాను. బలమంతా పెట్టి లాగితే కాలు వచ్చింది గానీ మనిషిని వెనక్కి పడ్డాను. ఊడ్చే ఆడాళ్ళు నడుములెత్తి చూసి ఒకటే నవ్వు. "కాలేజీలో ఇది చెప్పరామ్మా?" అందొకావిడ.

ఆవిడే వచ్చి లేవదీసింది. "మడమ కాదు, ముందు వేళ్ళు దించు. తీసేటప్పుడు నిలువుగా లాగకు, ఏటవాలుగా తియ్యి" అంది. చంకలో నారుకట్టతో ఎదురు నడిచి చూపించింది, వీధిలో నడిచినట్టు. నేను గట్టెక్కేసరికి తాతగారు వాచీ చూసి, "ఏడు నిమిషాలు. వాన లేదు, చీకటి లేదు, వీపు మీద బరువు లేదు, ఎవడూ కాల్చట్లేదు" అన్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఎనిమిదో అధ్యాయం చదివించారు. ఈ ఘర్షణకి కందెన ఏమైనా ఉందా అని క్లాజ్‌విట్జే ప్రశ్న వేసుకుని, ఒక్కటే ఉంది, యుద్ధానికి అలవాటు పడడం అంటాడు. చేలో ఆవిడ ఆ పేజీ చదవకుండానే చదివేసింది. పెన్సిలుతో తాతగారు ఆ వాక్యం కింద గీత గీశారు. రెండు గీతలు.

*

తత్వశాస్త్రం వైపు నుంచి నేనూ ఆయనకి కొన్ని మోసుకెళ్ళేదాన్ని. సోక్రటీస్ కాలినడకన మూడు దండయాత్రల్లో సైనికుడిగా వెళ్ళాడని చదివి, పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. పొటిడియా అనే ఊరి ముట్టడిలో ఒకరోజు పొద్దున ఏదో ఆలోచన వచ్చి నిలబడిపోయాడట. మధ్యాహ్నమైంది, కదల్లేదు. రాత్రయితే కొందరు సైనికులు, ఎండాకాలమే కదా అని పక్కలు బయట వేసుకుని మరీ చూస్తూ పడుకున్నారట, తెల్లారేదాకా నిలబడతాడా లేదా అని. తెల్లారింది. సూర్యుడికి ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

తాతగారు శ్రద్ధగా విని, "డ్యూటీలో నిలబడ్డాడా, డ్యూటీ అయ్యాకా?" అన్నారు.

"అది రాయలేదండి."

"డ్యూటీలో అయితే క్వార్టర్ గార్డు కొట్లో వేస్తారు. ముందది తెలుసుకో."

కష్టసుఖాలకి చలించకూడదనే స్టోయిక్ తత్వవేత్త మార్కస్ అరీలియస్ ఆయనకి నచ్చాడు. రోము చక్రవర్తి అయ్యుండి దాన్యూబ్ నది సరిహద్దుల్లో డేరాల్లో ఏళ్ళ తరబడి ఉండి, రాత్రుళ్ళు తన కోసం తాను రాసుకున్న పుస్తకం. ఒకచోట గ్రాన్ నది దగ్గర, క్వాడీలనే తెగవాళ్ళ దేశంలో రాసినట్టు గుర్తు కూడా ఉంది. పొద్దున లేవగానే ఇవాళ కృతఘ్నులూ అహంకారులూ ఎదురవుతారు అనుకో అని మొదలవుతుంది ఆ భాగం. "అది చక్రవర్తి రాసింది కాదమ్మాయ్, ఆఫీసర్స్ మెస్‌లో భోంచేసినోడు రాసింది" అన్నారు. ఆ ఏడాదంతా రేడియోలో మంత్రుల ప్రసంగం వస్తే చాలు, "ఇవాళ అహంకారులు ఎదురవుతారు" అని వాల్యూమ్ తగ్గించేవారు.

ఇవన్నీ నేను విల్ డ్యూరాంట్ పుస్తకం అంచులు పట్టుకుని వెతుక్కున్నవే. ఆ 1926 నాటి తత్వశాస్త్ర కథ అమెరికాలో కూలీనాలీ చదువుకోవడానికి ఐదు సెంట్లకి అమ్మిన చిన్న చిన్న నీలం పుస్తకాల్లోంచి పెరిగిందట. రాజమండ్రిలో ఫుట్‌పాత్ మీద పన్నెండు రూపాయలకి కొన్నాను. అట్ట లేదు. స్పినోజా అధ్యాయంలో నాలుగు పేజీలు లేవు. ఆ నాలుగు పేజీల్లోనే అసలు రహస్యం ఉండి ఉంటుందని ఎన్నేళ్ళు అనుకున్నానో. తీరా దొరికాక చదివితే ఏం లేదు.

*

చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఒకటుంది.

డిగ్రీ మొదటి ఏడాది. యుద్ధాల పటాలు గియ్యడం పిచ్చిగా ఉండేది. పానిపట్టు, వాటర్లూ, మన పలనాటి కారెంపూడి కూడా. ఒకవైపు నీలం స్కెచ్‌పెన్, ఒకవైపు ఎరుపు. సైన్యం కదిలిన దారికి లావుపాటి బాణం గుర్తు, చివర మొన. ఎంత లావుగా గీస్తే అంత పెద్ద దండు. తాతగారి పుట్టినరోజని కాదు గానీ, ఆయనకి చూపించాలని, 1971 తూర్పు రంగం పటం గీశాను. లైబ్రరీలో ఏదో పత్రిక ప్రత్యేక సంచికలోది చూసి, డ్రాయింగు షీటు మీద, రెండు రోజులు కూర్చుని. బంగ్లాదేశ్ నదులన్నీ నీలం, మనవాళ్ళ బాణాలు ఎర్రగా నాలుగు దిక్కుల నుంచీ ఢాకా వైపు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నదుల పేర్లు సరిగ్గా రాశానని మెచ్చుకున్నారు. ఒక నది వంపు తప్పుంటే సరిచేశారు. తర్వాత చూపుడువేలు తీసి ఒక ఎర్రబాణం మధ్యలో పెట్టారు. మొన దగ్గర కాదు, మధ్యలో.

"దీని లోపల మాకు మూడు రోజులు అన్నం రాలేదు" అన్నారు.

నేనేదో అడగబోయాను. ఆయన వేలు ఇంకొంచెం వెనక్కి, బాణం తోక వైపు జరిపారు. అక్కడ నదికి అడ్డంగా బాణం వెళుతోంది. "ఇక్కడ" అన్నారు. ఇంకేమీ అనలేదు. కళ్ళజోడు మడిచి డబ్బాలో పెట్టుకున్నారు. అది మూసిన చప్పుడు గుర్తుంది. మామ్మగారు లోపల్నించి "కాఫీ" అని పిలిస్తే లేచి వెళ్ళారు, తిరిగి బయటికి రాలేదు.

ఆ షీటు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత కూడా పటాలు గీశాను గానీ బాణాలు సన్నగా గీసేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేశాను. యుద్ధం గురించి ఆయన నాతో స్వయంగా చెప్పింది ఆ రెండు మాటలే. మిగతా అంతా పుస్తకాల్లోంచీ, చింతగింజల్లోంచీ.

*

హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే. షట్టర్లు వేసిన షాపుల ముందు గోనెపట్టాలు పరిచి పుస్తకాలు పోసేవాళ్ళు. అక్కడా నా కళ్ళు మూల బీరువా సరుకు కోసమే. బేరమాడే మనిషి నన్ను గుర్తుపట్టి, "మేడమ్, ఎవరూ అడగనివి ఇవిగో" అని పక్కకి తీసి పెట్టేవాడు. ఆ మాట అతనికి ఎవరు నేర్పారో.

బ్రిటిష్ సైనిక రచయిత లిడెల్ హార్ట్ అక్కడే దొరికాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ దగ్గర విషవాయువు తగిలి బతికి బయటపడి, ఎదురుగా వెళ్ళి తలబాదుకోవడం కంటే చుట్టూ తిరిగి వెళ్ళడమే మేలని జీవితమంతా రాసిన మనిషి. ఆఫీసులో ప్రమోషన్ కోసం ఆ పద్ధతి వాడి చూశాను. చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

మొన్న మా చెల్లెలి మనవరాలు, ఇంటర్ చదువుతోంది, "పెద్దమ్మమ్మా, ఫోన్లో స్టోయిక్ వీడియోలు చూస్తున్నా. ఒరిజినల్ పుస్తకాలు ఏ ఆర్డర్‌లో చదవాలో లిస్టు ఇస్తావా?" అని అడిగింది. రాద్దామని కాగితం తీసుకున్నాను. ఒకటి, రెండు అని అంకెలు వేశాను. ఒకటి దగ్గర ఏం రాయాలో తెలియలేదు. నేను వెనక నుంచి ముందుకి, అట్టలు లేనివి, పేజీలు పోయినవి, తప్పుగా అర్థం చేసుకున్నవి చదివినదాన్ని. చివరికి దానికి పులిజూదం నేర్పించాను. అది మొదటి ఆటలోనే పులులు కావాలంది.

*

ఊరు వదిలాక నేనూ తాతగారూ ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. ఇన్‌లాండ్ కవరు, ఆయన రాత అంతా పెద్దక్షరాల్లో, సిగ్నల్ పంపినట్టు. ఒక ఉత్తరంలో నేను క్లాజ్‌విట్జ్ పూర్తిగా చదివేశానని రాశాను. చదవలేదు. ఇక్కడ ఒక ప్రతి కొనుక్కుని, రెండో భాగంలోనే ఆగిపోయాను. ఆయన వెంటనే జవాబు రాశారు: చాలా సంతోషం, ఎనిమిదో భాగం అన్నిటికంటే గొప్పది, నువ్వు దాని గురించి ఏమనుకున్నావో సెలవులకి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం అని. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ సంక్రాంతికి వెళ్ళే ముందు ఎనిమిదో భాగం గురించి ఎక్కడో ముందుమాటలో ఉన్న రెండు పేరాలు బట్టీపట్టాను. అరుగు మీద అప్పజెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. "అంతే, అంతే" అన్నారు. నేను బతికిపోయాననుకున్నాను.

మొన్న ఆ వెనక గదిలో నేల మీద కూర్చుని ఆ పుస్తకం తీశాను. అట్ట విడిపోయింది, రబ్బరుబ్యాండు వేసి ఉంది. ముట్టుకోగానే బ్యాండు తెగింది. మొదటి పేజీల్లో నిండా పెన్సిలు గీతలు, అంచుల్లో తెలుగులో చిన్న చిన్న మాటలు: "నిజం", "అవును", ఒకచోట "మేజర్ సాబ్‌కి చెప్పాలి". ఘర్షణ దగ్గర కొంచెం ఎండిన మట్టి మరక కూడా ఉంది, అది నా వేలిదే. ఎనిమిదో అధ్యాయంలో రెండు గీతలు.

ఆ తర్వాత ఏమీ లేదు. రెండో భాగం తెల్లగా ఉంది. మూడోది, నాలుగోది. ఆయన అంత గొప్పదన్న ఎనిమిదో భాగంలో కొన్ని కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఎవరూ ఎప్పుడూ విడదీయలేదు. నేను ముందుమాటలోంచి బట్టీపట్టింది ఆయనకి అప్పజెప్పాను, ఆయన అంతే అంతే అన్నారు.

గదిలో ఒక్కదాన్నే నవ్వాను. పెద్దబ్బాయి గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏం లేదన్నయ్యా" అన్నాను.

క్లాజ్‌విట్జ్ కూడా చివరి ఏళ్ళలో ఒక కాగితం మీద రాసుకున్నాడు, మొత్తం పుస్తకంలో తాను పూర్తయిందని అనుకునేది మొదటి భాగంలోని మొదటి అధ్యాయం ఒక్కటేనని. తాతగారికి ఆ సంగతి తెలుసో లేదో. తెలిస్తే నా దగ్గర దాన్ని వాడుకోకుండా ఉండేవారు కాదు.

రెండో భాగం మొదటి పేజీలో, సరిగ్గా మధ్యలో, వేలెడు పెన్సిలు ముక్క ఇరుక్కుని ఉంది. కాగితం మీద దాని ఆకారం అచ్చు పడిపోయింది. అన్నేళ్ళయినా మొన సూదిలా ఉంది. బ్లేడుతో చెక్కి, మళ్ళీ వాడలేదు.

దాన్ని అక్కడే ఉంచి పుస్తకానికి కొత్త రబ్బరుబ్యాండు వేశాను. కలరా ఉండలు రెండు కాగితంలో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాను. గూడెం బస్సులో పక్క సీటావిడ ముక్కు ముడిచి, "ఏంటండీ ఆ వాసన, పెళ్ళి పట్టుచీరలా?" అని అడిగింది.

"కాదండి, సుబేదారు గారు" అన్నాను. ఆవిడ కిటికీ తెరిచింది.